అన్నవాహిక ఆపరేషన్ తర్వాత ఏ మందు ఎన్నాళ్లు వాడాలి: ఆపకూడనివి, సాగదీయకూడనివి

ములుగు దగ్గరి ఊరి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మా బాపుకు 61 ఏండ్లు, బరువు 48 కిలోలు. అన్నవాహిక కింది భాగంల క్యాన్సర్ అని హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసిన్రు. కడుపును పైకి గుంజి మెడ కాడ అతికిచ్చిన్రు. పన్నెండో రోజు ఇంటికి పంపిన్రు. పొట్టకు సూది, గ్యాస్ గోలీ, ఇంకో ఐదారు రకాలు రాసిచ్చిన్రు. పొట్టకు సన్న పైపు కూడ ఉంది. ఊర్ల ఆర్‌ఎంపీ ఇన్ని మందులు ఎందుకు, నొప్పికి ఒక సూది వేస్త అంటున్నడు. ఏది ఆపాలె, ఏది వాడాలె? మందులు సక్కగ వాడితే కుట్టు లీక్ కాకుండ ఉంటదా?"

ముందు చివరి ప్రశ్నకు జవాబు. కుట్టు లీక్ కాకుండా ఆపే మందు ఏదీ లేదు. కడుపును గొట్టంలా కత్తిరించి మెడ దాకా లాగినప్పుడు, దాని కొస దాకా రక్తం సరిగా చేరుతోందా లేదా అన్నదాని మీదే కుట్టు అతుక్కోవడం ఎక్కువగా ఆధారపడుతుంది. ఒంట్లో మాంసకృత్తులు, షుగర్ అదుపు, పొగాకు మానేయడం దానికి తోడు. యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు ఎక్కించినా, బలం సూదులు వేయించినా కుట్టు గట్టిపడదు.

కానీ ఈ ఆపరేషన్‌కు లీక్ ఒక్కటే ప్రమాదం కాదు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం, న్యుమోనియా, గుండె లయ తప్పడం, కుట్టు దగ్గర పుండుపడి తర్వాత సన్నబడిపోవడం, తిన్నది కిందికి దిగకపోవడం, షుగర్ పడిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. వీటిలో చాలావాటిని మందుతో ఆపవచ్చు, లేదా బాగా తగ్గించవచ్చు. ప్రతి మందుకూ ఒక గడువు ఉంటుందన్నది గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చాక ఎక్కువమంది చేసే తప్పులు రెండే. 28 రోజుల మందును పదిహేను రోజులకే ఆపేస్తారు. ఐదు రోజుల మందును ఐదు నెలలు మింగుతారు.

మీ బాపు విషయంలో నా లెక్క ఇది. పొట్ట సూదిని గడువు దాకా ఒక్క రోజు కూడా తప్పించొద్దు. గ్యాస్ గోలీని మీ సర్జన్ ఆపమనేదాకా ఆపొద్దు. ఆర్‌ఎంపీ చేత నొప్పి సూది వేయించొద్దు. మిగతావాటి సంగతి కింద రాస్తున్నాను. డోసులు అర్థం కావడానికే చెబుతున్నాను. మీ డిశ్చార్జి కాగితంలో వేరుగా ఉంటే దాని వెనక కారణం ఉంటుంది, దాన్నే పాటించండి.

పొట్ట సూది (ఎనోక్సాపరిన్)

క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తం మామూలుకన్నా తొందరగా గడ్డకడుతుంది. దానికి ఛాతీ, పొట్ట రెండూ తెరిచే పెద్ద ఆపరేషన్, ఆపైన మంచాన పడి ఉండటం కలుస్తాయి. మామూలు డోసు రోజుకు ఒకసారి 40 మి.గ్రా. క్యాన్సర్‌కు చేసే పెద్ద పొట్ట, ఛాతీ ఆపరేషన్ల తర్వాత దీన్ని ఆపరేషన్ రోజు నుంచి లెక్కించి 28 రోజుల వరకు ఇస్తారు. అంటే పన్నెండో రోజు ఇంటికొస్తే ఇంకా 16 సూదులు మిగిలినట్టు. ఆసుపత్రి ఇచ్చిన సూదులు అయిపోగానే, నడుస్తున్నాడు కదా ఇక ఎందుకులే అని ఆపేసేది సరిగ్గా ఇక్కడే. గడ్డ కట్టే ముప్పు డిశ్చార్జితో అయిపోదు. ఇంటికొచ్చాక మూడో వారంలో కాలు వాచి వచ్చేవాళ్లు ఉంటారు. ఖర్చు అడ్డమైతే ఆపకండి. అదే మందు జనరిక్‌లో దొరుకుతుందేమో జన ఔషధి దుకాణంలో అడగండి.

50 కిలోల లోపు బరువున్నవాళ్లకు, కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకు డోసు తగ్గించాల్సి రావచ్చు. మీ బాపు 48 కిలోలే కాబట్టి కాగితంలో 40 రాశారా, 20 రాశారా చూసి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో ఒకసారి డాక్టరును అడగండి. దీంతోపాటు ప్లేట్‌లెట్లు కూడా చూపించాలి. ఈ సూది హెపారిన్ జాతి మందు. ఈ జాతి మందు మొదలుపెట్టిన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య కొద్దిమందికి ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతాయి. అప్పుడు చిత్రంగా రక్తం కారడం కాదు, గడ్డకట్టడమే ఎక్కువవుతుంది.

సూది ఇంట్లోనే వేయొచ్చు, నేర్చుకుంటే రెండు నిమిషాల పని. బొడ్డుకు మూడు వేళ్ల దూరం వదలండి. ఆపరేషన్ కుట్టుకు, పైపు బయటికొచ్చే చోటుకు కూడా దూరంగా ఉండాలి. చర్మాన్ని మడతలా పట్టుకుని సూదిని నిటారుగా పూర్తిగా దించి, మెల్లగా మందు వదిలి, సూది తీసేదాకా మడత వదలొద్దు. ముందే నింపి వచ్చే సిరంజిలో కనబడే గాలి బుడగను బయటికి నెట్టొద్దు. నెడితే మందు కూడా పోతుంది. ఆ బుడగ చర్మం కింద ఏ హానీ చేయదు. తీశాక రుద్దొద్దు, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. ఈరోజు కుడి, రేపు ఎడమ. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, మర్నాడు రెండు కలిపి వేయొద్దు. సూదులను ఫ్రీజర్‌లో పెట్టొద్దు. మన ఎండాకాలంలో బండి డిక్కీలోనూ, కిటికీ గూట్లోనూ వదిలేయొద్దు.

నొప్పి సూది ఎందుకు వద్దు

ఆర్‌ఎంపీ వేస్తానన్నది ఎక్కువగా డైక్లోఫెనాక్ అయి ఉంటుంది. ఎనోక్సాపరిన్ నడుస్తుండగా అది వేస్తే కడుపులో రక్తం కారే ముప్పు పెరుగుతుంది. సరిగా తిండి, నీళ్లు లేని ఒంట్లో కిడ్నీని దెబ్బతీస్తుంది. పేగు కుట్టు లీక్ అవడానికీ ఈ జాతి మందులకూ సంబంధం ఉందన్న అనుమానం సర్జన్లకు బలంగా ఉంది, అందుకే చాలామంది కొత్త కుట్టు ఉన్నంతకాలం వీటిని దూరం పెడతారు. దాంతో కలిపి డెక్సా (స్టెరాయిడ్) సూది వేయడం కూడా మన దగ్గర అలవాటు. ఆకలి పుట్టినట్టు, హుషారొచ్చినట్టు అనిపిస్తుంది కానీ షుగర్ ఎగబాకుతుంది, గాయం మానడం మందగిస్తుంది, జ్వరం అణిగిపోయి అసలు జబ్బు కనబడకుండా పోతుంది. లీక్ అయిన మనిషికి జ్వరం కనబడకపోవడం కన్నా చెడ్డది ఇంకోటి లేదు.

నొప్పికి పారాసిటమాల్ మంచిది. అప్పుడప్పుడు వేసుకోవడం కాదు, గంటల లెక్కన. 50 కిలోలు దాటినవాళ్లకు 1 గ్రాము చొప్పున 6 గంటలకోసారి ఇవ్వొచ్చు, రోజుకు 4 గ్రాములు మించొద్దు. అంతకన్నా తక్కువ బరువుంటే కిలోకు 15 మి.గ్రా. లెక్క. 48 కిలోలకు ఒక్క డోసు 720 మి.గ్రా. వస్తుంది కాబట్టి 650 గోలీ రోజుకు నాలుగుసార్లు సరిపోతుంది. లివర్ చెడినా, తాగుడు అలవాటున్నా ఇంకా తగ్గించాలి. జలుబు గోలీల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిస్తే డోసు దాటిపోతుంది. ట్రమడాల్ రాసిస్తే వాంతి, మలబద్ధకం వస్తాయని తెలుసుకుని లాక్టులోజ్ లాంటిది పక్కన ఉంచుకోండి. ముక్కి ముక్కి విరేచనం చేయడం కొత్త కుట్లున్న పొట్టకు మంచిది కాదు.

గ్యాస్ గోలీ: ఇది గ్యాస్‌కు కాదు

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్, రాబెప్రజోల్, వీటిని మనం గ్యాస్ గోలీ అంటాం. అందుకే గ్యాస్ లేదు కదా అని ఆపేస్తాం. ఆపరేషన్‌కు ముందు కడుపుకూ అన్నవాహికకూ మధ్య ఒక కవాటం ఉండేది. ఇప్పుడది లేదు. కడుపే పైకొచ్చి మెడ దగ్గర నేరుగా అన్నవాహికకు అతికి ఉంది. ఆమ్లం పుట్టినచోటే కుట్టు ఉంది. రోజూ ఆమ్లం తగిలితే కుట్టు చుట్టూ పుండు, పుండు మానితే మచ్చ, మచ్చ బిగిస్తే సన్నటి రంధ్రం. ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య "అన్నం దిగుతలేదు" అని వచ్చేవాళ్లలో చాలామందిది ఈ కథే. వాళ్లకు ఎండోస్కోపీతో బెలూనో, డైలేటరో పెట్టి వెడల్పు చేయాలి, అదీ ఒక్కసారితో అయిపోదు. ఆమ్లాన్ని తగ్గించే గోలీ ఈ సన్నబడటాన్ని తగ్గిస్తుంది. కనీసం ఏడాది పాటు వాడించేవాళ్లే ఎక్కువ. మంటలు ఉన్నవాళ్లకు ఇంకా సాగుతుంది.

వేసుకునే పద్ధతి ముఖ్యం. తినడానికి అరగంట ముందు, పరగడుపున. తిన్నాక వేస్తే అంత బాగా పనిచేయదు. రెండు పూటలా రాస్తే రెండో గోలీ రాత్రి భోజనానికి అరగంట ముందు.

ఇక్కడే మన మందుల షాపుల్లో ఒక చిక్కు ఉంది. పేరు చివర డీఎస్ఆర్ అని ఉండే క్యాప్సూల్ మామూలు గ్యాస్ గోలీ కాదు. అందులో ఆమ్లం తగ్గించే మందుతో పాటు డొంపెరిడోన్ 30 మి.గ్రా. నెమ్మదిగా విడుదలయ్యే రూపంలో ఉంటుంది. ఉత్త పాంటోప్రజోల్ రాసిస్తే షాపులో డీఎస్ఆర్ ఇస్తారు, రెండూ ఒకటే అంటారు. ఒకటి కాదు. దానితో పాటు కాగితంలో డొంపెరిడోన్ గోలీ కూడా విడిగా ఉంటే డోసు రెట్టింపవుతుంది. స్ట్రిప్పు వెనక అక్షరాలు చదవండి. రెండు పేర్లు కనబడితే డాక్టరును అడిగాకే వేయండి.

గ్యాస్ గోలీ ఆమ్లాన్ని తగ్గిస్తుంది కానీ పైకి ఎగదన్నడాన్ని ఆపదు. పడుకోగానే పచ్చగా, చేదుగా పసరు నోట్లోకొస్తే అది పైత్యరసం, ఎన్ని గ్యాస్ గోలీలు వేసినా తగ్గదు. దానికి మంచమే మందు. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి మంచమంతా వాలుగా ఉండేలా చూడండి. దిండు మీద దిండు పెడితే మెడ మాత్రమే వంగుతుంది, నడుము దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం ఆపాలి. రాత్రి నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారిన పసరుతో వచ్చే న్యుమోనియా ఆపరేషన్ అయిన ఏడాదికి కూడా రావచ్చు.

తిన్నది కిందికి దిగడానికి ఇచ్చేవి

అన్నవాహికతో పాటు వేగస్ నరాలు కూడా తెగుతాయి. కడుపు ఇక పిండదు, ఒక సంచిలా వేలాడుతుంది. అందుకని మెటోక్లోప్రమైడ్, డొంపెరిడోన్, అప్పుడప్పుడు తక్కువ డోసు ఎరిత్రోమైసిన్ ఇస్తారు. మెటోక్లోప్రమైడ్ 60 కిలోలు దాటినవాళ్లకు 10 మి.గ్రా. మూడు పూటలా, అంతకన్నా తక్కువ బరువుంటే డోసు తగ్గించాలి, ఐదు రోజులు దాటొద్దు. దాటితే చేతులు వణకడం, మెడ ఒక పక్కకు లాగేయడం, మనిషి మొద్దుబారినట్టు ఉండటం మొదలవుతాయి. ముసలివాళ్లలో దీన్ని చూసి పక్షవాతం అనుకుని పరిగెత్తేవాళ్లున్నారు. డొంపెరిడోన్ 10 మి.గ్రా. తినడానికి పావుగంట ముందు, రోజుకు 30 మించొద్దు. ఎరిత్రోమైసిన్ మొదట్లో బాగా పనిచేస్తుంది కానీ రెండు మూడు వారాలకు ఒళ్లు దానికి అలవాటుపడిపోతుంది.

ఒక హెచ్చరిక. డొంపెరిడోన్, ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్, ఒండాన్‌సెట్రాన్, అమియోడరోన్, ఇవన్నీ గుండె కరెంటు గీతలో క్యూటీ అనే దూరాన్ని పెంచేవే. విడిగా ఒక్కొక్కటి పర్వాలేదు. దగ్గుకని ఊర్లో అజిత్రోమైసిన్, వాంతికని ఒండాన్‌సెట్రాన్, దాని మీద రోజూ డీఎస్ఆర్ కలిస్తే, పొటాషియం కూడా తక్కువగా ఉంటే, గుండె ఉన్నట్టుండి లయ తప్పొచ్చు. ఈ జాబితాలోవి రెండు కలిసి నడుస్తుంటే ఈసీజీ తీయించండి.

గుండె దడ

ఆపరేషన్ తర్వాత రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం ఈ ఆపరేషన్‌లో మామూలుగా కనిపించేదే. ముందునుంచీ బీపీకో, గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్లు ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకోవాలి, ఉన్నట్టుండి ఆపితే దడ ఎక్కువవుతుంది. ఆసుపత్రిలో రక్తంలో పొటాషియం 4కి, మెగ్నీషియం 2కి తగ్గకుండా చూస్తారు. కొన్నిచోట్ల ముందుజాగ్రత్తగా అమియోడరోన్ ఇస్తారు. అది ఊపిరితిత్తులకు హాని చేయగలదు కాబట్టి అందరికీ ఇవ్వరు. మీ కాగితంలో అమియోడరోన్ ఉంటే ఎప్పుడు ఆపాలో రాసి ఉందా చూడండి. లయ సర్దుకున్నవాళ్లకు సాధారణంగా కొన్ని వారాలే. చివరి తేదీ రాయకపోతే నెలల తరబడి మింగుతూనే ఉంటారు, థైరాయిడ్ దెబ్బతిన్నాక గానీ తెలియదు.

ఇంకో మాట. నాలుగైదు రోజులు బాగుండి ఉన్నట్టుండి గుండె లయ తప్పితే, గుండె మందు ఇచ్చి ఊరుకోకుండా ఛాతీలో లీక్ ఏమైనా ఉందా అని సీటీ తీయించాలి. దడ చాలాసార్లు లీక్ పంపే మొదటి కబురు.

యాంటీబయాటిక్

చిన్న సంగతి కాబట్టి చిన్నగానే చెబుతాను. కోత పెట్టే ముందు గంట లోపు సెఫాజోలిన్ 2 గ్రాములు, ఆపరేషన్ సాగితే నాలుగు గంటలకు మళ్లీ ఒక డోసు, 24 గంటలకు బంద్. అంతే కావాల్సింది. ఇన్ఫెక్షన్ ఉందని తేలితే వేరే లెక్క. ఏ కారణం రాయకుండా ఇంటికి పదిరోజుల యాంటీబయాటిక్ ఇస్తే ఎందుకని అడగండి. విరేచనాలు పట్టుకోవడం తప్ప లాభం ఉండదు.

న్యుమోనియాను ఆపేది యాంటీబయాటిక్ కాదు, ఊపిరి. మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి ఉంటారు. మెలకువగా ఉన్న ప్రతి గంటకు పదిసార్లు గాలి లోపలికి పీల్చాలి. చాలామంది ఊదుతారు. ఊదితే బంతులు లేవవు, పరికరం పాడైందని మూలన పడేస్తారు. మూడు బంతులూ ఒక్కసారిగా ఎగరాలన్న పంతం కూడా వద్దు, రెండు బంతులు పైన మూడు సెకన్లు నిలబడితే అదే మేలు. కళ్లె చిక్కగా ఉంటే సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ చేసి, వెంటనే దిండును గాయానికి అదిమి పట్టుకుని దగ్గించాలి. దగ్గితే కుట్లు ఊడతాయన్న భయంతో దగ్గకపోవడమే చేటు. పళ్లు పూటపూటా తోముకోవాలి. నోటి మురికే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారేది. నొప్పి మందు కూడా ఇక్కడ న్యుమోనియా మందే. నొప్పి ఉన్న మనిషి లోతుగా ఊపిరి పీల్చడు.

పొట్ట పైపులో మందులు

ఆ పైపు చిన్నపేగులోకి పోతుంది. చాలా సన్నం. మూసుకుపోతే మళ్లీ పెట్టడం తేలిక కాదు కాబట్టి దీని మీద శ్రద్ధ పెట్టండి.

మొదటి సంగతి, ప్రతి గోలీనీ నూరకూడదు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఎక్స్ఎల్, సీఆర్ అని ఉన్నవి నూరితే రోజంతా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్, మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ ఇలాంటివే. ఈసీ అంటే పైన పూత ఉన్న గోలీ, దాన్నీ నూరొద్దు. పాంటోప్రజోల్ గోలీ మీద ఉన్న పూత దాన్ని ఆమ్లం నుంచి కాపాడేది, నూరితే మందు చెడుతుంది. ఒమెప్రజోల్ క్యాప్సూల్ విప్పి లోపలి గింజలు పైపులో పోస్తే గింజలు ఇరుక్కుని పైపు మూసుకుంటుంది. నోటితో మింగగలిగితే నోటితోనే ఇవ్వండి. లేకపోతే నీళ్లలో కరిగే గోలీ గానీ, పొడి ప్యాకెట్ గానీ, సిరప్ గానీ రాయమని డాక్టరును అడగండి.

నూరదగినవాటిని మెత్తగా, రవ్వ లేకుండా నూరి 15 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కలపాలి. ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత ఒక మందు, మధ్యలో 10 మి.లీ. నీళ్లు, తర్వాత ఇంకో మందు, చివరికి మళ్లీ 30 మి.లీ. నీళ్లు. అన్ని మందులూ ఒకే గిన్నెలో కలపొద్దు, పాలలోనో, జావలోనో కలిపి పోయొద్దు. మందు లేని వేళల్లో కూడా ఆరు గంటలకోసారి నీళ్లు పోయాలి. 50 మి.లీ. సిరంజి వాడండి. చిన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువై పైపు చిట్లుతుంది. మూసుకుంటే గోరువెచ్చని నీళ్లతో మెల్లగా నెట్టి, లాగి, పావుగంట వదిలి మళ్లీ ప్రయత్నించండి. కూల్‌డ్రింకు పోయొద్దు, లోపల పాలు విరిగి ఇంకా గడ్డకడుతుంది. తీగ దూర్చడం అసలే వద్దు.

సిరప్‌లు మొదలుపెట్టాక విరేచనాలు వస్తే సిరప్‌లో తీపికి కలిపే సార్బిటాల్ కారణం కావచ్చు. తిండిని తప్పుపట్టే ముందు సీసా మీద చూడండి.

షుగర్, బెల్లం, డంపింగ్

తిన్న పది నిమిషాల నుంచి అరగంటలో చెమటలు, దడ, కడుపులో మెలిపెట్టడం, కళ్లు తిరగడం వస్తే దాన్ని డంపింగ్ అంటారు. తీపి, పలుచటివి ఒక్కసారిగా పేగులోకి జారిపోతే వచ్చేది. గంట నుంచి మూడు గంటల తర్వాత వణుకు, చెమట వస్తే అది షుగర్ పడిపోవడం. మీది ములుగు వైపు కాబట్టి చెబుతున్నాను, మేడారం బంగారం ప్రసాదమని చేతినిండా బెల్లం పెట్టకండి, నాలిక మీద పెట్టుకునేంత చాలు. బెల్లం పానకం, గ్లూకోజు నీళ్లు కూడా బలం కోసమని తాగిస్తారు. ఈ కడుపుకు అవే పడవు.

దీనికి మందు రెండో వరసలోనిది. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తినడం, తిండికీ నీళ్లకూ అరగంట ఎడం, జొన్న గట్క, గుడ్డు, పెరుగు లాంటి నెమ్మదిగా అరిగేవి, ఇవే మొదటి వరస. సకినాలు, గారెల లాంటి గట్టివి మూడు నెలలు ఆగండి. వీటితో తగ్గని, షుగర్ పడిపోయే రకానికి తిండి మొదటి ముద్దతో అకార్బోస్ ఇస్తారు. దానితోనూ కాకపోతే ఆక్ట్రియోటైడ్ సూది. షుగర్ జబ్బుకు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లయితే ఆపరేషన్ తర్వాత పాత డోసే కొనసాగించొద్దు. తినేది సగమైంది, బరువూ తగ్గింది. గోలీ మాత్రం పాతదే అయితే రాత్రి పడిపోతారు. బీపీ గోలీలదీ ఇదే లెక్క. నిలబడగానే కళ్లు తిరిగితే బీపీ రాసుకుని డాక్టరుకు చూపించండి.

విరేచనం జిడ్డుగా, నీళ్ల మీద తేలేలా, కంపుకొడుతూ వస్తే క్లోమరసం తిండితో సరిగా కలవడం లేదని అనుమానించాలి. తిండితో పాటు ప్యాంక్రియాటిన్ క్యాప్సూళ్లు వేసి చూస్తారు. తిన్న తర్వాత కాదు, మొదటి ముద్దతో.

ఆలస్యంగా మొదలయ్యేవి

ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డి. కడుపు ఆమ్లం తగ్గడం వల్ల ఐరన్, బీ12 సరిగా ఒంటికి పట్టవు. ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్, బీ12 చూపించి, తక్కువుంటే బీ12 1000 మైక్రోగ్రాముల సూది వేయించాలి. ఐరన్ గోలీ, డాక్సీసైక్లిన్, పొటాషియం గోలీ, ఎముకలకు వారానికోసారి ఇచ్చే అలెండ్రోనేట్, ఇవి కుట్టు దగ్గర అంటుకుంటే అక్కడే కాలి పుండుపడుతుంది. వీలైతే సిరప్ రూపం అడగండి. గోలీయే అయితే కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో, ఆ తర్వాత అరగంట పడుకోకుండా. ఐరన్‌కూ థైరాయిడ్ గోలీకీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇంకా ఆపరేషన్‌కు పోబోయేవాళ్లు ఉంటే

బీడీ, గుట్కా కనీసం నాలుగు వారాల ముందు మానాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ గోలీలు మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తం ఆమ్లమయం కావచ్చు.

ఇంట్లో దాచేది, డాక్టరుకు తప్పక చెప్పాల్సింది, కల్లు. మన వైపు దొరికే కల్లులో చాలాచోట్ల ఆల్‌ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండో మూడో రోజుకు వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్. ఆ గొడవలో ట్యూబులు లాగేసుకుంటారు. "సారా తాగడు సార్, కల్లే" అని చెప్పి ఊరుకుంటే అనస్థీషియా డాక్టరుకు తెలిసే దారి లేదు. ముందే చెబితే లొరాజెపాం డోసు, థయమిన్ (బీ1 విటమిన్) సూది సిద్ధంగా పెట్టుకుంటారు. నెలల తరబడి సరిగా తినని మనిషికి థయమిన్ ఎలాగూ కావాలి. ఎండిన ఒంటికి ఒక్కసారిగా పూర్తి ఫీడ్ మొదలుపెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం జారిపోతాయి. అందుకే మొదటి రోజుల్లో ఫీడ్ నెమ్మదిగా పెంచుతారు. ఆసుపత్రిలో తిండి సరిగా పెట్టడం లేదని కొట్లాడకండి.

ఏ మందుతోనూ ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సినవి

మెడ గాయం ఎర్రబడటం, అందులోంచి ఉమ్మి గానీ తాగిన సల్ల గానీ కారడం. 101 దాటిన జ్వరం. కూర్చున్నా గుండె నిమిషానికి 110 పైన కొట్టుకోవడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు. ఒక కాలే వాచి పిక్క నొప్పి. నల్లటి తారులాంటి విరేచనం. ఇవి కనబడితే మొదట దగ్గర్లోని పెద్దాసుపత్రికి, మీ వైపు నుంచి అయితే వరంగల్‌కు తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోని సర్జన్‌తో తోవలో ఫోన్లో మాట్లాడొచ్చు. నిలకడ లేని మనిషిని నేరుగా అంత దూరం కార్లో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు.

పోయేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పసరు మందులు ఉంటే అవి కూడా. స్ట్రిప్పులు కొనేటప్పుడే ముక్కలుగా కత్తిరించనివ్వకండి. పేరు, తేదీ ఉన్న కొస షాపులోనే ఉండిపోతుంది, చేతిలో మిగిలేది పేరులేని నాలుగు తెల్ల గోలీలు. అవేంటో రాత్రి డ్యూటీ డాక్టరు కూడా చెప్పలేడు.